పసిబిడ్డ ఉన్న ఇంట్లో బేక్డ్ చికెన్: ఏ ముక్క కొనాలి, ఓటీజీనా ఎయిర్ ఫ్రైయరా మైక్రోవేవా?

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చికెన్ కూర వండాలంటే ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు. ఉల్లిపాయలు వేగేదాకా నిలబడాలి, అల్లంవెల్లుల్లి అడుగంటకుండా కలుపుతూ ఉండాలి, కారం వేస్తే ఆ ఘాటు పక్క గదిలోకి పోయి బిడ్డకి దగ్గొస్తుంది, పోనీ కుక్కర్లో పెడదామంటే అప్పుడే నిద్రపోయిన పిల్ల మొదటి విజిల్‌కే ఉలిక్కిపడి లేస్తుంది. అందుకే కొత్తగా అమ్మానాన్నలైన చాలామంది బేక్డ్ చికెన్ వైపు చూస్తారు, ముక్కలకి మసాలా పట్టించి లోపల పెట్టేస్తే దాని పని అది చేసుకుంటుంది కదా అని. మంచి ఆలోచనే. కాకపోతే అక్కడినుంచి ఎయిర్ ఫ్రైయర్ (వేడి గాలి తిప్పి వండేది) కొనాలా, ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) కొనాలా, ఇంట్లో ఉన్న మైక్రోవేవ్ సరిపోతుందా, బ్రెస్ట్ తేవాలా లెగ్ తేవాలా అని తలపట్టుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషీన్ సంగతి తర్వాత, ముక్క ముందు తేల్చుకోండి. సరైన ముక్క తెస్తే మీ ఇంట్లో ఏ మెషీన్ ఉన్నా బాగానే వస్తుంది, తప్పు ముక్క తెస్తే ఎంత ఖరీదైన ఓవెన్‌లో పెట్టినా పీచుపీచుగా ఎండిపోయి గొంతు దిగదు.

ముందు ఏమేం చూసుకోవాలి

మామూలు ఇంట్లో అయితే రుచి, ధర, టైం చూసుకుంటే సరిపోతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది, పది నిమిషాలు గాలికి వదిలేస్తే ఆ వంట ఏమవుతుంది అని. టైమర్ మోగే టైముకే డైపర్ మార్చాల్సొస్తుంది, లేదా పాలు తాగుతూ మీ ఒళ్ళోనే నిద్రపోతుంది, కదిలితే లేస్తుంది. అప్పుడు మీరు లేచి వెళ్ళలేరు. ఆ ఆలస్యాన్ని తట్టుకునే వంటే మీకు పనికొచ్చే వంట.

రెండోది చప్పుడు, వాసన. మూడోది గిన్నెలు, అంటే తోమాల్సినవి ఎన్ని, ఒక చేత్తో కడగగలమా లేదా. నాలుగోది ఎంతమందికి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఆ నెలల్లో అమ్మో అత్తగారో వచ్చి ఉంటారు, ఇద్దరికి సరిపోయేది నలుగురికి సరిపోదు. ఐదోది వంటింట్లో ప్లగ్ పాయింట్. మామూలు 6 ఆంపియర్ సాకెట్ మీద 1400 వాట్లకి పైన లాగడం మంచిది కాదు, ఓటీజీలు, ఎయిర్ ఫ్రైయర్లు చాలావరకు ఆ పైనే ఉంటాయి, కాబట్టి గీజర్‌కీ ఏసీకీ వాడేలాంటి 16 ఆంపియర్ పాయింట్ వంటింట్లో ఉందో లేదో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద అస్సలు వద్దు.

ఇక హెల్తీ అన్న మాటకి వస్తే, పాలిచ్చే తల్లికి ఇది డైటింగ్ టైం కాదండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ వాళ్ళ లెక్క ప్రకారం మొదటి 6 నెలలు పాలిచ్చే తల్లికి రోజూ మామూలుగా తినేదానికి పైన 600 కేలరీలు, దాదాపు 17 గ్రాముల ప్రోటీన్ అదనంగా కావాలి. ఆ ప్రోటీన్ వండిన చికెన్ ఓ 60, 70 గ్రాముల్లో వచ్చేస్తుంది, అంటే ఒక మంచి లెగ్ పీస్. కాబట్టి ఇక్కడ హెల్తీ అంటే డీప్ ఫ్రై నూనె లేకుండా, కడుపు మండే కారం లేకుండా, కడుపు నిండేలా తినడం అని అర్థం చేసుకోండి, నూనె చుక్క లేకుండా తినడం అని కాదు.

కొన్ని ఇళ్ళల్లో బాలింతకి కొన్ని వారాలు చికెన్ పెట్టరు, వేడి చేస్తుందంటారు. డాక్టర్ ప్రత్యేకంగా ఏదీ వద్దనకపోతే బాగా ఉడికిన చికెన్‌తో ఇబ్బంది లేదు. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకునే బదులు వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ధనియాలతో కారం లేకుండా చెయ్యండి, అవన్నీ పత్యంలో వాళ్ళు పెట్టేవే కాబట్టి చాలామంది మెత్తబడతారు.

ముక్కల పోలిక

| ముక్క | 200 డిగ్రీల సెల్సియస్‌లో సుమారు టైం | పది నిమిషాలు ఆలస్యమైతే | ఎవరికి |
|---|---|---|---|
| బ్రెస్ట్ బోన్‌లెస్ | 20 నుంచి 25 నిమిషాలు | ఎండిపోతుంది | పక్కనే ఉండి చూసుకోగలిగినవాళ్ళకి |
| లెగ్ బోన్‌లెస్ | 20 నుంచి 25 నిమిషాలు | పర్వాలేదు | ఒక చేత్తో తినాల్సినవాళ్ళకి |
| లెగ్ పీస్, డ్రమ్‌స్టిక్ | 35 నుంచి 45 నిమిషాలు | ఇంకా మెత్తబడుతుంది | దాదాపు అందరికీ |
| ఫుల్ చికెన్, కిలోంపావు | గంట, గంటంపావు | పైన మాడొచ్చు, బ్రెస్ట్ ఎండుతుంది | సాయానికి మనుషులున్న ఇంటికి |

బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ, వండిన 100 గ్రాములకి 30 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, అందుకే జిమ్ వాళ్ళంతా అదే తింటారు. కానీ కొవ్వు తక్కువ కావడం వల్లే అది ఆలస్యాన్ని క్షమించదు. లోపల 74 డిగ్రీలు దాటగానే అయిపోయినట్టు, అక్కడినుంచి ప్రతి రెండు మూడు నిమిషాలకీ నీరు పోగొట్టుకుంటూ ఉంటుంది. లెగ్‌లో అలా కాదు, ఆ కండరంలో ఉండే కొలాజెన్ అనే గట్టి పదార్థం 80 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిగురులా మారుతుంది, దానివల్ల మాంసం జారిపోయేంత మెత్తగా అవుతుంది. అంటే లెగ్ పీస్‌కి ఇంకాస్తసేపు ఉండటం మేలే చేస్తుంది. బిడ్డ ఏడుపు ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఇంట్లో ఇంతకంటే మంచి గుణం ఏం కావాలి? ప్రోటీన్ 100 గ్రాములకి ఓ నాలుగైదు గ్రాములు తగ్గుతుందేమో, దానికోసం ఎండిన బ్రెస్ట్ నమలక్కర్లేదు.

షాపులో ఒక చిన్న జాగ్రత్త. ఉత్త బోన్‌లెస్ అంటే దాదాపు ఎక్కడైనా బ్రెస్టే కొట్టి ఇస్తారు, లెగ్ బోన్‌లెస్ కావాలని విడిగా అడగండి, ధర కాస్త ఎక్కువ ఉండొచ్చు. కర్రీ కట్ బేకింగ్‌కి వద్దు, చిన్న ముక్క, పెద్ద ముక్క కలిసి ఉంటాయి, చిన్నవి ఎండిపోయేసరికి పెద్దవి ఇంకా ఉడకవు. మన దగ్గర మామూలుగా స్కిన్ తీసే ఇస్తారు, అది మంచిదే, కాకపోతే స్కిన్ లేని ముక్కకి పైన కాపాడేది ఏదో ఒకటి ఉండాలి, అదే పెరుగూ నూనే. లెగ్ పీస్‌లకి ఎముక దాకా రెండు మూడు గాట్లు పెట్టించుకుని రండి.

ఫుల్ చికెన్ గురించి ఎక్కువ చెప్పను. ఫోటోలకి బాగుంటుంది. కోయడం, ఎముకలు తీయడం, ట్రే ఎత్తడం, ఇవన్నీ ఈ టైంలో అవసరం లేని పనులు.

ఇక మెషీన్లు

*ఓటీజీ.* నలుగురు తినే ఇంటికి నా ఓటు దీనికే. 28, 30 లీటర్లదైతే కిలో లెగ్ పీస్‌లు ఒకే ట్రేలో పడతాయి. పైన కింద రెండు రాడ్లూ ఆన్ చేసి 200 దగ్గర 10 నిమిషాలు ప్రీహీట్ చేసి, అంటే ఖాళీగా ముందే వేడెక్కనిచ్చి, ట్రే మధ్యలో పెట్టి 40 నిమిషాల టైమర్ తిప్పి వదిలెయ్యడమే. టైం అవగానే ఒక్కసారి టింగ్ మని ఆగిపోతుంది, మళ్ళీ మళ్ళీ మోగదు, రాడ్లు కూడా ఆగిపోతాయి, మీరు పావుగంట తర్వాత వెళ్ళి తీసినా లెగ్ పీస్ వేడివేడిగా బాగానే ఉంటుంది. కరెంటు గురించి భయపడతారు గానీ 1600 వాట్ల ఓటీజీ గంటసేపు నడిచినా 1.6 యూనిట్లు మించదు, పైగా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతూ ఉంటుంది కాబట్టి అంతకూడా కాదు.

దీని ఇబ్బంది వేడి. పైభాగం, అద్దం తలుపు బాగా కాలతాయి, ఆపిన తర్వాత కూడా చాలాసేపు కాలుతూనే ఉంటాయి. బిడ్డ పాకడం మొదలుపెట్టేలోపే దాన్ని గట్టు మీద వెనక్కి, వైరు కిందికి వేలాడకుండా పెట్టుకోవాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పూట దాన్ని ఆన్ చేస్తే వంటింట్లో నిలబడలేం, పొద్దున్నే చేసి పెట్టుకోవడం మేలు.

*ఎయిర్ ఫ్రైయర్.* ఇద్దరే ఉన్న ఇంటికి ఇది సుఖం. ప్రీహీట్‌కి రెండు మూడు నిమిషాలు చాలు, 180 దగ్గర లెగ్ బోన్‌లెస్ 16 నుంచి 20 నిమిషాలు, డ్రమ్‌స్టిక్ అయితే 25 నిమిషాల దాకా. 1500 వాట్లది 25 నిమిషాలు నడిస్తే 0.63 యూనిట్ దాటదు. మధ్యలో ఒకసారి తిప్పాలి, ఆ ఒక్కసారి మాత్రం లేవాల్సిందే. ఫ్యాన్ చప్పుడు ఒకే శ్రుతిలో ఉంటుంది కాబట్టి చాలామంది పిల్లలు దానికి లేవరు, చివర్లో వచ్చే బీప్‌కే లేస్తారు, కొనేముందు బీప్ ఆపుకోవచ్చో లేదో అడగండి.

దీని అసలు పరిమితి వైశాల్యం. లీటర్లు చూసి మోసపోవద్దు, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే గాలి తిరగదు, పైన రోస్ట్ అయి కింద ఉడికినట్టు అవుతుంది. 4 లీటర్ల బుట్టలో ఒక వరసలో నాలుగైదు డ్రమ్‌స్టిక్‌లు, అంటే అర కిలో. అత్తగారు, మామగారు ఉంటే రెండు వాయిలు వెయ్యాలి, అప్పుడిక టైం కలిసొచ్చిందేమీ లేదు. ఇంకొకటి, పెరుగు మసాలా పల్చగా ఉంటే బుట్ట రంధ్రాల్లోంచి కారిపోయి కింద మాడుతుంది, నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగే వాడండి.

*కన్వెక్షన్ మైక్రోవేవ్.* అంటే వేడి గాలితో బేక్ చేసే మోడ్ కూడా ఉన్న మైక్రోవేవ్. మీ ఇంట్లో ఇది ఇప్పటికే ఉంటే కొత్తది ఏదీ కొనకండి, ఇది చాలు. కన్వెక్షన్ మోడ్‌లో 200 పెట్టి, పొట్టి స్టాండ్ మీద ముక్కలు, కింద కారే రసం కోసం గాజు పళ్ళెం. ఓటీజీ టైంకి ఇంకో ఐదు పది నిమిషాలు కలుపుకోండి, ప్రీహీట్ కూడా నిదానం. ఉత్త మైక్రోవేవ్ మోడ్‌లో మాత్రం చేయొద్దు, అది బేకింగ్ అవ్వదు, ఒకచోట రబ్బరు ఒకచోట పచ్చి అన్నట్టు వస్తుంది. ఫాయిల్, స్టీల్ ట్రే కన్వెక్షన్‌లో వాడొచ్చో లేదో మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి, మైక్రోవేవ్ మోడ్‌లోనూ రెండూ కలిసి నడిచే కాంబినేషన్‌లోనూ పెట్టొద్దు.

పసిబిడ్డ ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. కన్వెక్షన్ అయ్యాక లోపలి గది చాలాసేపు కాలుతూ ఉంటుంది, ఆ తొందరలో ప్లాస్టిక్ గిన్నె పెడితే కరుగుతుంది. బిడ్డ పాలు అయితే మైక్రోవేవ్‌లో ఎప్పుడూ వేడి చేయొద్దు, అక్కడక్కడా సలసలా కాగే మచ్చలు మిగిలిపోతాయి, పైకి తెలీదు, నోరు కాలుతుంది.

*అమెరికా, కెనడాలో ఉన్నవాళ్ళకి* అపార్ట్‌మెంట్‌లోనే పెద్ద ఓవెన్ ఉంటుంది, అదే వాడండి. 400 ఫారెన్‌హీట్ అంటే మన 200 సెల్సియస్ లెక్కే. పెద్ద ట్రే మీద ఒకవైపు చికెన్, ఇంకోవైపు క్యారెట్, బంగాళదుంప, ఉల్లిపాయ ముక్కలు వేస్తే కూర కూడా అయిపోయినట్టే. 450 దాకా పెంచితే ట్రే మీద కారిన నూనె పొగొచ్చి స్మోక్ అలారం మోగుతుంది, పడుకున్న బిడ్డ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఓవెన్ తలుపు మోకాళ్ళ ఎత్తులో ఉంటుంది, సిజేరియన్ అయినవాళ్ళు వంగి బరువైన ట్రే ఎత్తకండి, ఆ పని ఇంకెవరికైనా అప్పచెప్పండి.

*ఏ మెషీనూ లేకపోతే* మందపాటి మూకుడులో నూనె రాసి, ముక్కలు పరిచి, మూత పెట్టి సన్న సెగ మీద అరగంట పైన మగ్గనిచ్చి, చివర్లో మూత తీసి రోస్ట్ చేసుకోవచ్చు. రుచి బాగుంటుంది, కానీ మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి, మంట ఆపడానికి మీరే రావాలి. ఇంట్లో ఇంకో మనిషి ఉన్న రోజుకి ఇది.

మీ ఇంటికి ఏది

ఇద్దరే ఉంటున్నారు, సాయానికి ఎవరూ లేరు, వంటగట్టు చిన్నది అంటే ఎయిర్ ఫ్రైయర్, లెగ్ బోన్‌లెస్. ముక్కలు చిన్నగా ఉంటాయి, ఎముక ఏరక్కర్లేదు, బిడ్డని భుజాన వేసుకుని ఒక చేత్తో ఫోర్క్‌తో తినొచ్చు. అమ్మగారో అత్తగారో ఉన్న ఇంట్లో, ముందుముందు కేకులూ బ్రెడ్డూ కూడా చేద్దాం అనుకుంటే ఓటీజీ, లెగ్ పీస్‌లు. రెండిటి మధ్యా నిజంగా ఊగిసలాడుతున్నారంటే రెండేళ్ళ తర్వాత మీ ఇంట్లో ఎంతమంది తింటారో ఆలోచించుకోండి, బిడ్డ కూడా తినే మనిషే అవుతుంది, నాకైతే అప్పుడు ఓటీజీయే కనపడుతుంది.

బరువు తగ్గాలి, బ్రెస్టే తింటాం అనేవాళ్ళు ముక్కని అడ్డంగా చీల్చి ఒకే మందం చేసుకోండి, పెరుగులో నాననివ్వండి, కొన్ని వందల రూపాయల్లో దొరికే మీట్ థర్మామీటర్ ఒకటి కొనండి, మందంగా ఉన్నచోట గుచ్చితే 74 చూపించగానే తీసి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అసలు ఏ ముక్కకైనా ఉడికిందని నమ్మకంగా చెప్పేది ఆ థర్మామీటరే. ఎముక దగ్గర ఎర్రగా కనిపించినంత మాత్రాన పచ్చిగా ఉన్నట్టు కాదు, లేత కోళ్ళల్లో, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చికెన్‌లో అలా ఉంటుంది.

మసాలా అన్నిటికీ ఒకటే

అర కిలోకి: గట్టి పెరుగు 3 టేబుల్ స్పూన్లు, అల్లంవెల్లుల్లి ముద్ద 1 టేబుల్ స్పూన్, నూనె 1 టేబుల్ స్పూన్, ధనియాల పొడి 1 టీ స్పూన్, మిరియాల పొడి అర టీ స్పూన్ పైన మీ ఇష్టం, పసుపు పావు, ఉప్పు ముప్పావు టీ స్పూన్, అర చెక్క నిమ్మరసం. గంట నానితే చాలు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా మంచిది, రాత్రంతా అయితే నిమ్మరసం మాత్రం బేక్ చేసేముందు కలపండి, లేకపోతే పైన పిండిపిండిగా అవుతుంది.

ఆదివారం కిలోన్నర తెచ్చి ఇలా కలిపేసి మూడు జిప్ కవర్లలో పరిచి రెండిటిని ఫ్రీజర్‌లో పడేస్తే వారంలో ఇంకో రెండు పూటలకి దిగుల్లేదు. ముందురోజు రాత్రి కింద ఫ్రిజ్‌లోకి దించండి, గట్టు మీద బయట పెట్టి కరిగించొద్దు. ట్రేలో బేకింగ్ పేపర్ పరిస్తే తోమే పని కూడా దాదాపు ఉండదు.

చికెన్ కడిగే సంగతి. ఓవెన్ వేడికి క్రిములు ఎలాగూ చస్తాయి కాబట్టి పచ్చి చికెన్ కడగొద్దనే ఆహార భద్రత నిపుణులు చెప్తారు, కడిగితే ఆ తుంపర్లు సింకు చుట్టూ పడతాయి. మన షాపుల్లో అప్పటికప్పుడు కోసి ఇచ్చినదాన్ని కడక్కుండా వండటం చాలామందికి మనసొప్పదు. మీరు కడిగే తీరతానంటే కొళాయి కింద పెట్టకుండా గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడగండి, అంతకుముందే పాల సీసాలు, పాలు తీసే పంప్ భాగాలు, స్టెరిలైజర్ అన్నీ అక్కడినుంచి తీసెయ్యండి, అయ్యాక సింకు సబ్బుతో రుద్ది చేతులు కడుక్కునే బిడ్డని ఎత్తుకోండి.

బిడ్డకి ఎప్పుడు, మిగిలింది ఎంతసేపు

6 నెలలు నిండి పైఆహారం మొదలయ్యాక బిడ్డకి కూడా ఇదే చికెన్ పెట్టొచ్చు, కాకపోతే విడిగా ఒక ముక్కకి ఉప్పు, మిరియాలు లేకుండా కొంచెం పెరుగు, పసుపు రాసి ఫాయిల్‌లోనో బేకింగ్ పేపర్‌లోనో చుట్టి అదే ట్రేలో ఓ మూలన పెట్టండి, మైక్రోవేవ్ అయితే పేపరే మేలు. బ్రెస్ట్ కంటే లెగ్ ముక్కే మెత్తగా వస్తుంది, ఎముక, నరాలు తీసేసి, కారిన రసంతోనో గోరువెచ్చటి నీళ్ళతోనో మిక్సీలో మెత్తగా చేసి అన్నంలో కలపండి. ఏడాది నిండేదాకా ఉప్పు కలపొద్దు, తేనె అస్సలు వద్దు, తేనె రాసి బేక్ చేసిన ముక్క కూడా వద్దు, ఆ వేడికి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బీజాలు చావవు.

వండిన చికెన్ బయట 2 గంటలకి మించి ఉంచొద్దు, 32 డిగ్రీలు దాటిన ఎండాకాలంలో అయితే గంటే. ఫ్రిజ్‌లో పెద్దవాళ్ళకి 3, 4 రోజులు బాగుంటుంది, బిడ్డకి తీసిపెట్టింది ఒక రోజులో అవగొట్టండి, స్పూన్ తగిలిన గిన్నెలో మిగిలింది దాచొద్దు. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలు దాటి ఆగిపోతే ఆ చికెన్ పారెయ్యండి. తిరిగి వేడి చేసేటప్పుడు ముక్కల మీద రెండు స్పూన్ల నీళ్ళు చల్లి మూతపెట్టి పొగలొచ్చేదాకా వేడి చెయ్యండి, లెగ్ పీస్ అయితే రెండో రోజు కూడా మెత్తగానే ఉంటుంది.